మోరి పక్కన లైటు

సోంబరు ఇంట్లో పొయ్యికి పైన, దూలానికి కట్టిన నారతాడుకి ఒక మోరి వేలాడుతోంది. చూడ్డానికి సన్నాయికి చెల్లెలిలా ఉంటుంది మోరి. గొంతు మాత్రం సన్నాయికన్నా సన్నం, పదును. ఒకప్పుడు పండగనాడు ఆ మోరి పలికితే లోయ అవతలి ఊరివాళ్లు చేతిలో పని ఆపి ఇటు చూసేవారు. ఇప్పుడది పొగచూరిపోయి, పక్కనే కట్టిన విత్తనపు జొన్నకంకుల మధ్య ఒక కర్రముక్కలా ఉంది. దాన్ని దించే హక్కు సోంబరుకి లేదు. అతని భార్య రాజకుమారికీ లేదు. కొండరేగువలసలో కట్టుబాటు అలాంటిది. కొండదేవత జాకరమ్మ ముందు ఊపిరి దాచుకున్నాడని మోరి వాయించేవాడి మీద మాట పడిందంటే మోరి పొయ్యి మీదకి ఎక్కుతుంది. మాట వేసినవాడే ఆ గడపలోకి వచ్చి, తన చేత్తో దించి, వాయించేవాడి చేతిలో పెట్టాలి. అప్పటిదాకా అది అక్కడ పొగ తాగవలసిందే.

మాట వేసినవాడు పరాయివాడేమీ కాదు. సోంబరుకి సొంత అన్న. పేరు భీముడు. ఊరికి డోలు వాయించేది ఆయనే.

భీముడి కూతురు సోని ఆ మాట పడ్డ రోజు అక్కడే ఉంది. అప్పటికి ఆమె విశాఖలో డిగ్రీ చదువుతూ, చైత్రంలో వచ్చే ఇటుకల పండగకి ఇంటికొచ్చింది. ఆడవాళ్లు నడుములు పట్టుకుని వరసగా ధింసా ఆడుతుంటే మధ్యలో భీముడు డోలు ఆపేశాడు. తమ్ముడి వైపు తిరిగి, "నోట్లో పెట్టుకుని బుగ్గలు ఉబ్బిస్తే సరిపోద్దా? నా మీద కోపముంటే నాతో తేల్చుకో. అమ్మోరి కాడ ఊపిరి దాసుకోకు" అన్నాడు. మాకు బాగానే వినబడుతోంది కదా అని నలుగురు గొణిగారు. పక్కన నిలబడ్డవాణ్ని నేను, మీకేం తెలుసని భీముడు వాళ్ల నోరు మూయించాడు. అదీ నిజమే. మోరి వాడి ఊపిరి సంగతి పక్కనున్న డోలు వాడే చెప్పాలి, వాడు చెబితే ఇంక మారు మాట లేదు.

ఊరు మారు మాట్లాడలేదు కానీ నమ్మలేదు. ఆ ఏడే అన్నదమ్ములిద్దరికీ గట్టు మీది సిల్వర్ ఓక్ చెట్టు దగ్గర తగువు వచ్చింది. దానికి అల్లుకున్న మిరియాల తీగ నీదా నాదా అని. ఆ కసితోనే భీముడు తమ్ముడి మీద అబద్ధపు మాట వేశాడని అందరూ అనుకున్నారు. సోంబరూ అదే అనుకున్నాడు. ఎవరికీ చెప్పుకోలేదు గానీ సోని కూడా అదే అనుకుంది. తండ్రి అంటే ప్రాణమే. అయినా అన్నం తినేటప్పుడు ఆయన చేతుల వంక చూస్తే ఆమెకి ఆ మాట గుర్తొచ్చేది.

ఇప్పుడు సోంబరుకి ఊపిరితిత్తులు పోయాయి. ఎండాకాలం వెళ్లేదాకా ఉంటే గొప్ప అని విశాఖ డాక్టర్లు చెప్పి పంపేశారు. మాట దిగకుండా మోరి వాడు పోతే మోరిని అతనితో పంపరు. ఆ ఇంట్లో పుట్టినవాళ్లెవరూ మళ్లీ మోరి పట్టకూడదు. ఇద్దరు మనవలు పాకే వయసులో ఉన్న ఇల్లు అది. భీముడి కాళ్లు పట్టుకునైనా సరే మోరి దింపించమని రాజకుమారి సోనికి ఫోన్ చేసి ఏడ్చింది. సోని తండ్రిని అడిగింది, తల్లి అడిగింది, చర్చి పాస్టరుగారు కూడా అడిగారు. తాను విననిది విన్నానని అమ్మవారి ముందు ఎలా చెప్పనని భీముడు ఒకే మాట మీద కూర్చున్నాడు. తమ్ముడి కోసం కన్నీళ్లు పెట్టుకుంటూనే ఆ మాట అన్నాడు. ఇంత మొండితనం ఉన్న మనిషికి ఆ కన్నీళ్లెందుకో సోనికి అర్థం కాలేదు.

సోని ఉద్యోగం రుషికొండ దగ్గర ఒక చిన్న కంపెనీలో. అయిదు గీతల మీద స్వరాలు గుర్తులుగా రాస్తే, రాసినదాన్ని కంప్యూటరే వాయించి వినిపించే సాఫ్ట్‌వేర్ చేస్తారు వాళ్లు. సంగీతం మాస్టర్లు, చర్చి పాటల బృందాలు వాడతాయి. ఈ ఏడు కొండ వాద్యాలు కూడా అందులో చేర్చారు. డోలు, తుడుము, కిరిడి, మోరి. ఏ వాద్యం ఎంత గట్టిగా వినబడాలో సర్దుకునే తెర మీది పలక తయారుచేయడం సోని వంతు.

అంతకుముందున్న పలకని ఆమె పైఅధికారి దేవీప్రసాద్ తయారుచేశాడు. మంచివాడే, కాకపోతే రికార్డింగ్ స్టూడియోల్లో పెరిగాడు. ఆయన పలక తెరిస్తే విమానం నడపమన్నట్టు ఉండేది. ఒక్కో వాద్యానికి అన్నేసి బిరడాలు, ముళ్లు, గీతలు. ఆశ్రమ పాఠశాల మాస్టరు ఒకాయన దాన్ని చూసి, ముట్టుకుంటే ఏం పాడవుతుందోనని చేతులు వెనక్కి కట్టుకున్నాడట. సోని వాటన్నిటినీ పీకేసింది. వాద్యానికో బొమ్మ పెట్టింది. దాని కింద వేలితో పైకీ కిందకీ జరిపే మీట ఒకటి. ఆ వాద్యాన్ని ఊరుకోబెట్టే గుండీ ఒకటి, మిగతావన్నీ ఆపి దాన్నొక్కదాన్నే వినిపించే గుండీ ఇంకోటి. అంతే. ఆ పక్కన ఒక చిన్న లైటు. వాద్యం పలుకుతున్నప్పుడు పచ్చగా వెలుగుతుంది, మరీ గట్టిగా పలికితే ఎర్రబడుతుంది.

దేవీప్రసాద్ మిగతా అన్నిటికీ ఒప్పుకున్నాడు, లైటు దగ్గర ఆగాడు. "చెవికి వినబడేదానికి మళ్లీ కంటికి లైటెందుకు, సోనీ? సింపుల్‌గా ఉండాలన్నది నువ్వే కదా" అన్నాడు. సోనికి ఎందుకో ఉండాలనిపించింది, పెట్టింది. సరే, కొండ మీద నలుగురి చేత వాడించి చూడు, ఆ లైటు వంక ఎవరూ చూడకపోతే తీసేద్దాం అని ఆయన తేల్చాడు. అలా ఆమె లాప్‌టాప్, ఒక మంచి స్పీకరు సంచిలో పెట్టుకుని అనంతగిరి బస్సెక్కింది.

పరీక్షకి ఒక పాట కావాలి. సోనికి వేరే పాట తట్టలేదు. పండగనాడు చిన్నయ్య ఊదే పాటనే చిన్నప్పటి జ్ఞాపకంతో గీతల మీద రాసింది. మోరి శబ్దాన్ని మాత్రం కంపెనీవాళ్లు వేరే కొండ మీది కళాకారుడి దగ్గర ఒక్కో స్వరమూ విడివిడిగా రికార్డు చేసి తెచ్చుకున్నారు. పాట సోంబరుది, గొంతు ఇంకొకరిది, ఊదేది కంప్యూటరు.

మర్నాడు పొద్దున్నే ఊళ్లో తమ ఇంటి పంచలో చాప వేసి లాప్‌టాప్ పెట్టింది. పెరట్లో తల్లి అప్పలనర్సమ్మ ఎండిన కాఫీ గింజలు చెరుగుతోంది. భీముడు మొదట ముట్టుకోనన్నాడు. బొమ్మలు చూశాక ఆయనకి సరదా పుట్టింది. డోలు బొమ్మ మీద వేలు పెట్టి, తోలు బిగింపు సరిగ్గా గీయలేదని వంక కూడా పెట్టాడు. పండగనాడు ఎలా వినబడాలో అలా సర్దమని సోని చెప్పి పాట మొదలుపెట్టింది.

ఆయన సర్దడం చూస్తే సోనికి ముచ్చటేసింది. ముందు తన డోలునే తగ్గించాడు, అందరూ దాని మీద నడవాలే గానీ అది అందరినీ తొక్కకూడదన్నాడు. తుడుముని దాని వెనక్కి పెట్టాడు. కిరిడిని కొంచెం లేపాడు. ఒక్కో మీటా జరిపి, కళ్లు మూసుకుని, తల ఊపి, మళ్లీ వెంట్రుకవాసి జరిపాడు. ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని పడలేదు. తన పలక గెలిచిందని సోని అనుకుంది. అప్పుడాయన మోరి మీట దగ్గరికి వచ్చాడు.

సగానికి లేపి విన్నాడు. ముక్కాలుకి లేపాడు. మొహం చిట్లించి, కొసదాకా తోసేశాడు. మోరి చెవిలో సూది గుచ్చినట్టు లేచింది. గింజలు ఏరుకుంటున్న కోళ్లు చెదిరిపోయాయి, అప్పలనర్సమ్మ చేట వదిలేసి రెండు చెవులూ మూసుకుంది. భీముడు మాత్రం మీటని ఇంకా పైకి తోస్తూనే ఉన్నాడు, అది ఇంక కదలదని తెలిసినా.

"ఇందులో కూడా మోరోడు ఊపిరి దాసుకుంటన్నాడు" అన్నాడు విసుగ్గా.

సోనికి నవ్వొచ్చింది, పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. కంప్యూటరుకి ఊపిరెక్కడిది, దాచుకోవడానికి? దానికి మిరియాల తీగ మీద తగువెక్కడిది? ఆమె తండ్రి మొహం వంక చూసింది. అందులో కసి లేదు, అబద్ధం లేదు. ఎక్కడుందీ పాట అని వెతుక్కుంటున్న మనిషి మొహం అది. ఆ రోజు పండగలో కూడా ఆయన మొహం ఇలాగే ఉంది. అప్పుడు దాన్ని కోపం అనుకుంది ఆమె, ఊరంతా అనుకున్నట్టే.

భీముడు తెర మీదకి వంగాడు. మోరి బొమ్మ పక్కన లైటు ఎర్రగా మండుతోంది.

"ఈ లైటెందుకు ఎలుగుతంది?"

"పాట ఒత్తంటే ఎలుగుతాది, అయ్యా."

"ఏ పాట?"

సోని చెయ్యి చాపేలోగా భీముడే వేలు జరిపి, మోరిని ఒక్కదాన్నే వినిపించే గుండీ నొక్కాడు. డోలు ఆగింది, తుడుము ఆగింది, కిరిడి ఆగింది. పంచ నిండా మోరి ఒక్కటే మోగుతోంది. ఆయనకి మాత్రం ఏ చప్పుడూ లేదు. ఆయన ముందు ఒక లైటు ఎర్రబడుతూ పచ్చబడుతూ, ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆ ఆరి వెలగడంలోని నడక ఆయనకి తెలుసు. తన డోలు మీద ఎన్ని పండగలు నడిపించాడో ఆ నడకని. ఆయన తల తిప్పి పెళ్లాన్ని చూశాడు. అప్పలనర్సమ్మ ఇంకా చెవులు మూసుకునే ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"సోంబరు పాటే" అంది ఆమె.

ఇప్పుడు సోనికి ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. వయసులో తండ్రి రాళ్ల క్వారీలో డ్రిల్లింగు మిషను పట్టాడు. జేబులో ఫోను మోగుతుంటే పక్కవాళ్లు చెబితే గానీ తీయడు. మామూలు మాట బాగానే వినబడుతుంది, డోలు మోత సరేసరి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, ఆయనకి అసలే రాలేదు. పోయింది సన్నని శబ్దం ఒక్కటే. అది పోయిందని చెప్పే శబ్దం ఏదీ ఉండదు కదా.

ఆమె లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. మోరి గీతల మీది స్వరాలన్నీ ఒక్కసారిగా ఎంచి ఒక స్థాయి కిందికి దించింది. భీముడు కదల్లేదు. ఇంకో స్థాయి దించింది. ఇప్పుడది మోరిలా లేదు, గొంతు బొంగురుపోయిన ముసలివాడు పాడుతున్నట్టుంది. భీముడి చెయ్యి తొడ మీద దరువు వేయడం మొదలుపెట్టింది. తర్వాత ఆయన పెదాలు కదిలాయి. పాట చివరి మలుపు దగ్గర, సోంబరు ఎప్పుడూ ఒక స్వరాన్ని పట్టి ఆపే చోట, చెయ్యి గాల్లో ఆగి, సరిగ్గా దానితోపాటే కిందికి దిగింది.

పాట అయిపోయాక ఆయన అడవి వైపు తిరిగాడు. కాఫీ తోటలకి మందులు కొట్టి కీచురాళ్లని చంపేశారని కొన్నేళ్లుగా ఆయన అందరినీ తిడుతున్నాడు. సోని కూడా ఆ మాట నమ్మి విశాఖలో స్నేహితులతో చెప్పింది.

"ఓలే, అడవిలో కీచురాళ్లు అరుస్తన్నాయా?" అని అడిగాడు.

అప్పలనర్సమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎప్పుడు మానేసినాయి?" అంది.

భీముడు లేచాడు. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు, మళ్లీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అంగలు వేసి నడిచే మనిషి ఆ పూట దారి తెలియనివాడిలా నడిచాడు. సోని వెనకే వెళ్లింది. ఇన్నేళ్లూ తండ్రిని అబద్ధాలకోరనుకుంది. ఆయన జీవితంలో ఒక్క అబద్ధమూ ఆడలేదు, అయినా అన్యాయం చేశాడు.

సోంబరు పొయ్యి పక్కనే గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పడుకుంటే ఊపిరి ఆడదు. గడపలో అన్నని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. రాజకుమారి పొయ్యి ముందు నుంచి పక్కకి జరిగింది. భీముడు చేతులు పైకెత్తి నారతాడు ముడి విప్పాడు. ఏళ్ల మసి ఆయన జుట్టు మీద, మొహం మీద రాలింది. మోరిని తువ్వాలులో తుడిచి, తమ్ముడి ముందు కూర్చుని, రెండు చేతులతో అందించాడు.

"నీ ఊపిరి కాదు సోంబరా, పోయినవి నా సెవులు" అన్నాడు.

సోంబరు అర్థం కానట్టు సోని వంక చూశాడు. సోని చెప్పింది, కంప్యూటరు సంగతి, లైటు సంగతి, కీచురాళ్ల సంగతి. వింటూ వింటూ అతను కళ్లు మూసుకున్నాడు. "సెట్టు కోసమే అన్నావనుకున్నాను, అన్నా. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను" అన్నాడు. ఆ నాలుగు ముక్కలు అనడానికి అతనికి మధ్యమధ్య ఆగవలసి వచ్చింది. భీముడు తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాడు.

మోరి చివర పీక ఎండి చీలిపోయింది. రాజకుమారి బియ్యం కుండలో చెయ్యి పెట్టి గుడ్డలో చుట్టిన కొత్త తాటాకు పీక తీసింది. ఏటా పండగ ముందు కోసి దాచేదట, ఏడాది తిరిగేసరికి పాడైతే పారేసి మళ్లీ కోసేదట. ఎవరికీ చెప్పలేదు. సోంబరు దాన్ని నోట్లో తడిపి, బిగించాడు. వద్దని సోని అనబోయింది. రాజకుమారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

సోంబరు ఊదాడు. మొదట గాలి మాత్రమే వచ్చింది. తర్వాత పాట వచ్చింది, సన్నగా, చినుగుతూ, మధ్యలో తెగుతూ. లోయ దాటే పాట కాదది, ఆ గడప దాటితే గొప్ప. భీముడు పక్కనున్న గింజల గాదె మీద వేళ్లతో దరువు పట్టాడు. తమ్ముడి బుగ్గల మీద నుంచి, వేళ్ల మీద నుంచి ఆయన చూపు తిప్పలేదు. వాటిని చూస్తూ, అవి నెమ్మదిస్తే నెమ్మదిస్తూ, వెంటే నడిచాడు. తప్పలేదు, ఒక్క చోట కూడా తప్పలేదు.

పాట సగంలో ఉండగా సోంబరుకి ఊపిరి అయిపోయింది. శబ్దం ఆగిపోయింది. గదిలో గాదె మీద వేళ్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. సోంబరు మోరి దించలేదు. ముక్కుతో చిన్నచిన్నగా ఊపిరి పీలుస్తూ, మోరి నోట్లోనే పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి, కన్నాల మీద వేళ్లు ఆడిస్తూనే ఉన్నాడు. చివరి మలుపు దగ్గర ఒక స్వరాన్ని పట్టి ఆపినట్టు వేలెత్తి ఆగాడు. భీముడి చెయ్యి కూడా గాల్లో ఆగింది, మళ్లీ దానితోనే దిగింది.

భీముడు కళ్లు తమ్ముడి మీదే ఉంచి కూతుర్ని అడిగాడు.

"ఇనబడతందా, గుంటా?"

సోంబరు మోరి మీది నుంచి సోని వంక చూశాడు. బుగ్గలు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

"ఇనబడతంది అయ్యా" అంది సోని. "లోయ అవతలికి ఇనబడతంది."